బరువు ట్రాలీలు తోసే పని: నడుం కాపాడుకోవడం ఎలా, దెబ్బ తగిలితే ఏం చేయాలి

ట్రాలీ మీద 26 కిలోల బియ్యం బస్తాలు ఇరవై పేరిస్తే 520 కిలోలు. ట్రాలీ బరువు దానికి అదనం. దాన్ని స్టాక్ రూమ్ నుంచి బియ్యం సెక్షన్ దాకా ఒక్కరే తోసుకుంటూ రావడం మన సూపర్‌మార్కెట్లలో రోజూ కనిపించేదే. సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. ఇంటికెళ్లి బామ్ రాయించుకుని పడుకుంటారు, మర్నాడు మళ్లీ డ్యూటీ. ఇలా ఏళ్లు గడిచాక ఒకరోజు బిస్కెట్ల అట్టపెట్టె ఎత్తబోతే నడుం కదలదు. "ఇంత చిన్న పెట్టెకేనా?" అంటారు చుట్టూ ఉన్నవాళ్లు. చాలాసార్లు ఆ నడుం అప్పటికే పాడై ఉంటుంది. పెట్టె చివరి దెబ్బ మాత్రమే.

స్టోర్‌లో, గోడౌన్‌లో, మాల్ పార్కింగ్‌లో ట్రాలీలు తోసేవాళ్ల కోసం, వాళ్ల చేత ఆ పని చేయించే సూపర్‌వైజర్ల కోసం ఇది రాస్తున్నాను. ట్రాలీ ఎలా తోయాలన్నది సగం. దెబ్బ తగిలిన రోజున ఏం చేయాలన్నది మిగతా సగం. ఆ రెండో సగం తెలియక చాలామంది ఆరోగ్యంతో పాటు రావలసిన డబ్బు కూడా పోగొట్టుకుంటున్నారు.

ముందు బరువు తెలుసుకోండి

మీ స్టోర్‌లో ఎక్కువగా కదిలే సరుకుల బరువులు మార్కర్‌తో ఒక అట్ట మీద రాసి స్టాక్ రూమ్ గోడకి అతికించండి. చక్కెర బస్తా 50 కిలోలు. లీటర్ నూనె ప్యాకెట్లు పన్నెండున్న పెట్టె దాదాపు 11 కిలోలు. లీటర్ నీళ్ల సీసాలు పన్నెండుంటే 12 కిలోల పైనే. అట్ట కళ్లెదురుగా ఉంటే ట్రాలీ నింపుతూనే మనసులో కూడుకోవచ్చు. 300 దాటిందా, 500 దాటిందా తెలియకుండా తోయడం మొదలుపెట్టకూడదు.

ఇంకో లెక్క కూడా తెలిసుండాలి. బ్రిటన్‌లో పని ప్రదేశాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎస్‌ఈ ఒక అంచనా చెబుతుంది: నేల చదునుగా, చక్రాలు బాగా ఉంటే సరుకు బరువులో కనీసం 2 శాతం బలం పెట్టాలి. అంటే 400 కిలోల ట్రాలీకి 8 కిలోల తోపు. వినడానికి చిన్నదే. అదే ట్రాలీని పన్నెండు అడుగుల దూరానికి ఒక అడుగు లేచే ర్యాంప్ ఎక్కిస్తే 30 కిలోలకి పైగా బలం కావాలి. తోపు ఎంత దాటితే జాగ్రత్తపడాలో కూడా అదే సంస్థ చెప్పింది. కదిలించేటప్పుడూ ఆపేటప్పుడూ మగవాళ్లకి 20 కిలోలు, ఆడవాళ్లకి 15. నడుస్తూ ఉన్నప్పుడు 10, 7. బండి బాగుండి నేల చదునుగా ఉన్నప్పుడు ఒక్కరు చేయగలిగిన పని, చిన్న ర్యాంప్ వచ్చేసరికి ఒక్కరి చేతిలో ఉండదన్నమాట. చక్రం పాడైతే చదును నేల మీద కూడా అదే పరిస్థితి.

చక్రాలు చూడటం

అన్నిటికంటే ఎక్కువ లాభం వచ్చే పని ఇదే, ఎవరూ చేయనిదీ ఇదే. ఖాళీ ట్రాలీని పక్కకి వాల్చి చక్రం ఇరుసు దగ్గర చూడండి. పెట్టెలకి చుట్టే ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్కలు, పురికొస, వెంట్రుకలు, బస్తా కుట్టిన దారం అన్నీ కలిసి అక్కడ గట్టిగా ఉండలా చుట్టుకుని ఉంటాయి. చక్రం తిరుగుతున్నట్టే కనిపిస్తుంది గానీ సగం ఈడుస్తూ ఉంటుంది. కట్టర్‌తో ఆ ఉండని జాగ్రత్తగా కోసి, చిన్న పట్టకారుతో లాగేయండి. చేత్తో చక్రాన్ని తిప్పి వదలండి. వెంటనే ఆగిపోకుండా కొంతసేపు తనంతట తాను తిరగాలి. రబ్బరు ఒకవైపు అరిగి చదునైపోయిందేమో వేలితో తడిమి చూడండి. అలాంటి చక్రం ప్రతి చుట్టుకీ ఒకసారి టక్కుమంటుంది, ఆ కుదుపు నేరుగా మణికట్టుకి, భుజానికి వస్తుంది.

తర్వాత చదును నేల మీద ఖాళీ ట్రాలీని మెల్లగా తోసి వదిలేయండి. నిటారుగా పోతే మంచిది. ఒకవైపుకే లాగుతుంటే దాన్ని సరిచేయడానికి ప్రతి అడుగులో నడుం మెలితిప్పుతూ ఉండాల్సి వస్తుంది. అలాంటి బండికి ఎర్ర టేపు చుట్టి, "వాడొద్దు" అని తేదీతో రాసి పక్కన పెట్టండి. ఫొటో తీసి స్టోర్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఊరికే పక్కన పెడితే పనిమీదున్న ఇంకొకరు దాన్నే లాక్కుపోతారు. రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే ముందే చెప్పామనడానికి ఆ ఫొటో సాక్ష్యం కూడా.

హ్యాండిల్ వదులుగా ఊగుతుంటే, బ్రేక్ పట్టకపోతే కూడా అంతే. పక్కన పెట్టేయండి.

సరుకు పేర్చడం

బరువైనవి కింద, తేలికవి పైన. ఇది అందరికీ తెలుసు. తెలిసి కూడా తప్పేది ఎత్తు దగ్గర. పెట్టెల పైనుంచి ముందు దారి కనిపించాలి. కనిపించకపోతే మెడ పక్కకి చాచి చూస్తూ తోస్తారు, ఒక భుజమే బరువంతా మోస్తుంది. రెండు ట్రిప్పులైనా సరే, చూపుకి అడ్డం రాకుండా పేర్చండి. బరువంతా ఒకే చివర ఉంటే ఆ వైపు చక్రాలు మొరాయిస్తాయి, మలుపులో బండి ఒరుగుతుంది. నూనె, కూల్‌డ్రింక్ పెట్టెలు జారేవి కాబట్టి బెల్టు కట్టండి. జారే పెట్టెని చేత్తో పట్టుకోబోయి వేళ్లు నలగ్గొట్టుకున్నవాళ్లు ఎంతోమంది. పడేది పడనివ్వండి.

తోయడం మొదలుపెట్టేటప్పుడు

ఎక్కువ జాగ్రత్త కావాల్సింది మొదటి రెండు అడుగుల్లోనే. ఆగి ఉన్న బండిని కదిలించడానికి, కదులుతున్న బండిని నడపడం కంటే ఎక్కువ బలం కావాలి. ఇలా చేయండి.

1. చక్రాలు అడ్డం తిరిగి ఉంటే బండిని కాస్త అటూ ఇటూ ఆడించి పోవలసిన దిక్కుకి తిప్పుకోండి. అడ్డం చక్రాల మీద ముందుకి గుద్దకండి.
2. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక. మోకాళ్లు కొద్దిగా వంచండి.
3. చేతులు నడుముకీ ఛాతీకీ మధ్య ఎత్తులో, మోచేతులు ఒంటికి దగ్గరగా.
4. ఒంటి బరువంతా ముందుకి వాల్చి వెనక కాలితో మెల్లగా నెట్టండి. ఒక్కసారిగా గుంజినట్టు వద్దు.
5. కదలకపోతే ఇంకా గట్టిగా తోయకండి. ఆగి, కింద ఏం అడ్డుపడిందో చూడండి. సరుకు తగ్గించండి లేదా ఇంకొకర్ని పిలవండి.

లాగడం కంటే తోయడం మేలు. లాగేటప్పుడు చేయి వెనక్కి సాగి భుజం కీలు మీద భారం పడుతుంది, వెనక నుంచి ట్రాలీ వచ్చి మడమ పైన నరానికి కొడుతుంది. ఆ దెబ్బకి మడమ వెనక పెద్ద స్నాయువు తెగిన సందర్భాలున్నాయి. ఒక చేత్తో బండి లాగుతూ ఇంకో చేత్తో ఫోన్ పట్టుకోవడమైతే మానేయాల్సిందే.

మలుపులో నడుం తిప్పకండి, అడుగులు తిప్పండి. బండితో పాటు మీరు కూడా చుట్టూ నడవాలి. ఆపేటప్పుడు నాలుగడుగుల ముందే వేగం తగ్గించండి. కాలు అడ్డం పెట్టి ఆపే అలవాటుంటే ఈరోజే మానేయండి. గుమ్మాల దగ్గర చేతులు హ్యాండిల్ లోపలి వైపు ఉండాలి. పక్క కమ్మీ పట్టుకుంటే గోడకీ బండికీ మధ్య వేళ్లు పోతాయి.

గుమ్మం అంటే గుర్తొచ్చింది, లిఫ్ట్ గడప. లిఫ్ట్‌కీ నేలకీ మధ్య సందులో చిన్న చక్రం ఇరుక్కుంటుంది. వెనక జనం నిలబడి ఉంటారు, తలుపు మూసుకుంటూ ఉంటుంది, టెన్షన్‌లో వంగి ట్రాలీ మూలని ఒక్క ఊపుతో ఎత్తేస్తారు. నడుం డిస్క్ జారడానికి ఇంతకన్నా అనువైన భంగిమ లేదు: వంగి, మెలితిరిగి, కుదుపుతో బరువెత్తడం. సందులోకి ఏటవాలుగా పోకుండా రెండు ముందు చక్రాలూ ఒకేసారి దాటేలా సూటిగా పోండి. అయినా ఇరుక్కుంటే పై పెట్టెలు దించి బండి తేలికయ్యాకే లేపండి. జనాన్ని రెండు నిమిషాలు ఆగమనండి, ఆగుతారు. రోజూ ఇబ్బందే అయితే సందు మీద వేసే ఇనప రేకు అడగండి. ఖర్చు తక్కువ.

ప్యాలెట్ జాక్ వేరే సంగతి

పంపు కొట్టి ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పలక) లేపే జాక్ సాధారణంగా రెండున్నర టన్నుల దాకా లేపుతుంది. అది లేపగలిగిందంతా మీరు లాగగలరని కాదు. ఇరుకు చోట తిప్పడానికి దాన్ని లాగక తప్పదు. అప్పుడు హ్యాండిల్‌కి ఒక పక్కగా నడవండి, సూటిగా దాని ముందు కాదు. తెరిపి చోటు రాగానే తోయడానికి మారండి. పంపు కొట్టేటప్పుడు హ్యాండిల్‌కి ఎదురుగా నిలబడి రెండు చేతులతో కొట్టండి. ప్యాలెట్ నేలకి కాస్త పైకి లేస్తే చాలు, ఎక్కువ లేపితే ఒరుగుతుంది. వదిలి వెళ్లేటప్పుడు ఫోర్కులు (ప్యాలెట్ కిందికి దూర్చే ఇనప కమ్ములు) పూర్తిగా నేలకి దించండి. లేపి ఉంచిన ఫోర్కు తగిలి మనుషులు పడటం, దించేటప్పుడు పాదం కింద ఉండిపోవడం తరచూ జరిగేవి. దాని మీద ఎక్కి జారుతూ పోవడం కుర్రాళ్లకి సరదా. సూపర్‌వైజర్ చూసీ చూడనట్టు ఊరుకోకూడదు.

వేళ్ల దగ్గర గట్టిగా ఉండే బూట్లు వేసుకోండి. చెప్పులతో, కాన్వాస్ షూలతో జాక్ ముట్టుకోవద్దు.

ర్యాంపులు, బేస్‌మెంట్

ప్రాణాల మీదికొచ్చేది ఇక్కడే. ఎక్కేటప్పుడు బండి ముందు, మీరు కింద ఉంటారు. చేయి జారితే అది మీ మీదికే వస్తుంది. కాబట్టి బరువు ట్రాలీ ర్యాంప్ ఎక్కించడం ఇద్దరి పని. ఒక్కరే ఉంటే సగం సరుకుతో రెండు ట్రిప్పులు వేయండి. దిగేటప్పుడు మీరు ఎప్పుడూ పై వైపే ఉండాలి, బండిని వెనక్కి పట్టి ఉంచుతూ చిన్న అడుగులతో దిగాలి. బండికి కింద వైపు నిలబడి ఒంటితో ఆపుదామనుకోవద్దు. బ్రేకు లేని ప్యాలెట్ జాక్‌ని ర్యాంప్ మీదికి అసలు తీసుకెళ్లవద్దు.

బండి అదుపు తప్పితే వదిలేయండి. గట్టిగా అరిచి కింద ఉన్నవాళ్లని తప్పించండి. సరుకు పోతే పోతుంది. దాని వెనక పరిగెత్తి పట్టుకోబోతే కాలో చేయో పోతుంది. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే ఈ మాట నోటితో చెప్పాలి. ఎందుకంటే సరుకు పాడైతే జీతంలో కోస్తారన్న భయంతోనే వాళ్లు పట్టుకోబోతారు.

పార్కింగ్‌లో కస్టమర్లు వదిలేసిన షాపింగ్ ట్రాలీలు పోగుచేసేవాళ్ల సంగతీ ఇదే. ఖాళీ ట్రాలీ ఒక్కటే ఇరవై కిలోల వరకూ ఉంటుంది. పదిహేను కలిపి గొలుసులా తోస్తే 300 కిలోల పాము, ముందు చివర ఎక్కడ ఉందో వెనక ఉన్నవాళ్లకి తెలియదు. చదును నేల మీదే అది ఎక్కువ. బేస్‌మెంట్ ర్యాంప్ మీద అయితే నాలుగైదు మించకుండా, బెల్టుతో కట్టి, ముందొకరు వెనకొకరు ఉండి తీసుకెళ్లండి. వాన పడిన రోజు ఇంకా తగ్గించండి.

డీసీఎం వ్యాన్ నుంచి సరుకు దించేటప్పుడు వ్యాన్‌కీ ప్లాట్‌ఫాంకీ మధ్య రేకు సరిగ్గా కూర్చుందా, డీసీఎం చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టారా చూశాకే ట్రాలీ ఎక్కించండి.

కాదని చెప్పడం

నెల మొదటి వారం, దసరా, సంక్రాంతి ఆఫర్ల రోజుల్లో "ఒక్కడివే తెచ్చేయ్, టైమ్ లేదు" అనే మాట వినిపిస్తుంది. ఎదురు చెబితే ఉద్యోగం పోతుందన్న భయం ఉంటుంది, అది నిజమైన భయమే. అందుకే "చేయను" అనకుండా, ఎలా చేస్తారో చెప్పండి: "అన్నా, ఇది ఐదొందల కిలోలు. ర్యాంప్ మీద ఒక్కణ్ణి ఆపలేను. ఇంకొకర్ని పంపు, లేదంటే రెండు ట్రిప్పుల్లో తెస్తా." బరువు అంకె చెప్పి అడిగితే సూపర్‌వైజర్ అంత తేలిగ్గా కొట్టిపారేయలేడు. గోడ మీద బరువుల అట్ట అక్కరకొచ్చేది ఇలాంటప్పుడే.

గర్భిణులకి చట్టం ఇంకో హక్కు ఇచ్చింది. కాన్పుకి ముందు ఆరు వారాల్లో సెలవు తీసుకోని రోజులు, ఆ ఆరు వారాలకి ముందు ఒక నెల. ఈ కాలంలో, కోరితే, శ్రమతో కూడిన పని, ఎక్కువసేపు నిలబడే పని చేయించకూడదు. నా అభిప్రాయమడిగితే గర్భం అని తెలిసిన రోజు నుంచే బరువు ట్రాలీలు మాన్పించాలి.

కొన్ని స్టోర్లు నడుం బెల్టులు ఇచ్చి బాధ్యత తీరిందనుకుంటాయి. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ నియోష్ రిటైల్ స్టోర్లలో సరుకు కదిలించే ఉద్యోగుల మీదే పెద్ద అధ్యయనం చేసి 2000లో ఫలితాలు చెప్పింది. బెల్టు పెట్టుకున్నందువల్ల నడుం దెబ్బలు గానీ నొప్పి గానీ తగ్గినట్టు అందులో తేలలేదు. ఆ డబ్బు చక్రాలకి పెట్టమనండి.

దెబ్బ తగిలితే: మొదటి గంట

పని ఆపండి. "ఈ ఒక్క ట్రాలీ పెట్టేసి వస్తా" వద్దు.

నడుం పట్టేస్తే నొప్పి తక్కువగా ఉన్న భంగిమలో కాసేపు ఉండండి. నొక్కించుకోవడం, తొక్కించుకోవడం వద్దు. తర్వాత రోజుల తరబడి మంచం మీదే ఉండిపోకుండా, ఓర్చుకోగలిగినంత మేర మెల్లగా నడుస్తూ ఉంటేనే మామూలు నడుం నొప్పి త్వరగా తగ్గుతుంది. కానీ కాలు తిమ్మిరెక్కి పాదం పైకి లేవకపోయినా, మూత్రం, మలం మీద అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా అది ఎమర్జెన్సీ. గంటలు కూడా ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి.

పాదం, వేళ్లు నలిగితే ఉంగరం తీసేసి, బూటు లేసులు వెంటనే వదులు చేయండి. వాపు వచ్చాక తీయడం కష్టం. గుడ్డలో చుట్టిన ఐస్ పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి. వేలు తెగిపడితే ఆ ముక్కని తడి శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, ఆ కవర్‌ని ఐస్ మీద ఉంచి రోగితో పాటే తీసుకెళ్లండి. ముక్క నేరుగా ఐస్‌కి తగలకూడదు. బరువు తోసిన తర్వాత గజ్జల్లో ఉబ్బు కనిపిస్తే హెర్నియా కావచ్చు, నొప్పి లేకపోయినా సర్జన్‌కి చూపించండి.

ఎముక విరిగిందనిపిస్తే మన దగ్గర చాలామంది మనసు పుత్తూరు కట్టు వైపు పోతుంది. ఆ నమ్మకం సంగతి నేను మాట్లాడను. ఒక్కటి మాత్రం చెబుతాను: ముందు ఎక్స్‌రే తీయించి డాక్టర్ కాగితం చేతిలో పెట్టుకోండి. ఆ కాగితం లేకపోతే సెలవు డబ్బు రాదు.

అదే రోజు కాగితం మీద

నోటితో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు. స్టోర్‌లో ప్రమాదాల రిజిస్టర్ ఉంటే అందులో రాయించండి. లేకపోయినా మేనేజర్‌కి వాట్సాప్‌లో తెలుగులోనే ఇలా పంపండి (ఇందులో ఈఎస్‌ఐ అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా):

"ఈరోజు, ఫలానా తేదీ, ఉదయం 11 గంటల 20 నిమిషాలకి స్టాక్ రూమ్ ర్యాంప్ మీద బియ్యం ట్రాలీ తోస్తుండగా ముందు కుడి చక్రం ఇరుక్కుని నా నడుం పట్టేసింది. అప్పుడు పక్కన ఫలానా, ఫలానా ఉన్నారు. నేను ఆసుపత్రికి వెళ్తున్నాను. రిజిస్టర్‌లో రాసి, ఈఎస్‌ఐకి ప్రమాద రిపోర్ట్ పంపగలరు. ఆ సమయం సీసీటీవీ ఫుటేజ్ భద్రపరచగలరు."

ఇంతే చాలు. తేదీ, సమయం, చోటు, చేస్తున్న పని, దెబ్బ, సాక్షులు. ఫుటేజ్ మాట మరవకండి, కెమెరా రికార్డు మీద కొన్నాళ్లకి కొత్తది పడి పాతది చెరిగిపోతుంది.

ఆసుపత్రిలో కూడా "పనిలో ట్రాలీ తోస్తుండగా" అని స్పష్టంగా చెప్పి, కేస్ షీట్‌లో అలాగే రాశారా చూసుకోండి. "ఇంట్లో జారిపడ్డానని చెప్పు, బిల్లు మేం కడతాం" అని స్టోర్ వాళ్లెవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ ఒక్క వాక్యంతో పని ప్రమాదం కింద మీకు రావలసినవన్నీ పోతాయి. మొదటి బిల్లు వాళ్లు కడతారేమో. ఆరునెలల తర్వాత ఆపరేషన్ అవసరమైతే ఎవరూ కట్టరు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

పే స్లిప్ చూడండి. జీతంలో 0.75 శాతం ఈఎస్‌ఐ కింద కోస్తున్నారా? యజమాని 3.25 శాతం కలపాలి. నెల జీతం రూ. 21,000 వరకు ఉన్నవాళ్లకి ఇది వర్తిస్తుంది. కోత పడుతోందో లేదో, పడినది జమ అవుతోందో లేదో ఉమంగ్ యాప్‌లో మీ ఇన్సూరెన్స్ నంబర్‌తో దెబ్బ తగలక ముందే ఒకసారి చూసుకోండి. కాంట్రాక్టర్ దగ్గర పనిచేస్తున్నా ఈఎస్‌ఐ మీకు హక్కే. కాంట్రాక్టర్ కట్టకపోతే అసలు యజమాని బాధ్యత అది.

పనిలో దెబ్బ తగిలి, ఆ రోజు కాకుండా కనీసం మూడు రోజులు పని చేయలేకపోతే ఈఎస్‌ఐ రోజు జీతంలో 90 శాతం ఇస్తుంది, డాక్టర్ పని చేయలేరని రాసినంత కాలం. దీనికి ఇన్ని నెలలు కట్టి ఉండాలన్న నిబంధన లేదు, చేరిన మొదటిరోజు దెబ్బ తగిలినా వర్తిస్తుంది. శాశ్వత లోపం మిగిలితే మెడికల్ బోర్డు దాని శాతం తేల్చి నెలనెలా డబ్బు వచ్చేలా చేస్తుంది. డ్యూటీకి వస్తూ పోతూ జరిగే ప్రమాదాలకి కూడా, పనితో సంబంధం రుజువైతే, ఇది దక్కుతుంది. యజమాని ఈఎస్‌ఐకి పంపే ప్రమాద రిపోర్ట్‌ని ఫారం 12 అంటారు, 24 గంటల్లో పంపాలి. పంపారా అని మీరే అడిగి కాపీ తీసుకోండి. పంపకపోతే బ్రాంచి ఆఫీసుకి మీరే వెళ్లి చెప్పవచ్చు, 1800-11-2526 టోల్‌ఫ్రీకి ఫోన్ చేయవచ్చు. వైద్యం డిస్పెన్సరీలో మొదలై, అవసరమైతే హైదరాబాద్‌లో సనత్‌నగర్, నాచారం, విజయవాడలో గుణదల, విశాఖలో మల్కాపురం వంటి ఈఎస్‌ఐ ఆసుపత్రులకి పంపుతారు. ఎమర్జెన్సీలో పక్కనున్న ప్రైవేటు ఆసుపత్రికే వెళ్లండి, బిల్లులన్నీ దాచండి.

ఈఎస్‌ఐ లేనివాళ్లకి నష్టపరిహారం యజమానే ఇవ్వాలి. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం చెప్పింది ఇదే, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోకి కూడా ఆ హక్కు వచ్చింది. యజమాని తప్పుందని మీరు నిరూపించక్కర్లేదు. పనిలో, పని వల్ల దెబ్బ తగిలిందని చూపిస్తే చాలు. ఇవ్వకపోతే రెండేళ్లలోపు కార్మిక శాఖ అధికారి దగ్గర దరఖాస్తు పెట్టాలి. అదే నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలన్నాయి. మీకు లేకపోతే ఇప్పుడే అడగండి. "ఇతను మా దగ్గర పనిచేయలేదు" అనే మాటకి అదే జవాబు.

ఒక ఇబ్బంది ఉంది. ఏ ఒక్క సంఘటనా లేకుండా ఏళ్ల తరబడి పెరిగిన నడుం నొప్పిని పని ప్రమాదంగా ఒప్పించడం కష్టం. అప్పుడు ఈఎస్‌ఐ సిక్‌నెస్ బెనిఫిట్ ఒక దారి: జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు. ఆరునెలల కంట్రిబ్యూషన్ కాలంలో కనీసం 78 రోజులకి కట్టి ఉండాలి. అందుకే చిన్న పట్టు పట్టినప్పుడు కూడా వాట్సాప్‌లో ఒక వాక్యం పంపి ఉంచమంటున్నాను. ఆ వాక్యాలన్నీ తేదీలతో కలిసి ఒక చరిత్ర అవుతాయి.

అమెరికా, బ్రిటన్ స్టోర్లలో పనిచేస్తున్న మనవాళ్లకి రెండు మాటలు. అమెరికాలో వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో దెబ్బకి పరిహారమిచ్చే ఇన్సూరెన్స్) నియమాలు రాష్ట్రానికొక రకం. టెక్సస్‌లో ప్రైవేటు యజమాని ఆ ఇన్సూరెన్స్ తీసుకోకుండా ఉండే వీలు కూడా ఉంది, డాలస్, హ్యూస్టన్‌లలో చేరేటప్పుడే అడిగి తెలుసుకోండి. బ్రిటన్‌లో యాక్సిడెంట్ బుక్‌లో రాయించడం మరవకండి. ఏడు రోజులకి మించి పనికి రాలేకపోతే యజమాని హెచ్‌ఎస్‌ఈకి 15 రోజుల్లో తెలియజేయాలి.

తిరిగి పనిలోకి

నొప్పి తగ్గగానే పాత ట్రాలీ పట్టకండి. ఎన్ని కిలోల వరకు, ఎన్ని వారాలు, తోయవచ్చా లేదా అన్నది ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద డాక్టర్ చేత రాయించండి. "తేలిక పని" అని మాత్రమే రాస్తే స్టోర్‌లో ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీస్తారు. మొదటి రెండు వారాలు బిల్లింగ్, ధరల స్టిక్కర్లు, ఎక్స్‌పైరీ తేదీలు చూడటం లాంటివి అడగండి. కూర్చునే పని ఇచ్చినా గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. ఆ తర్వాత చిన్న లోడుతో, చదును నేల మీద, మంచి చక్రాలున్న బండితో మొదలుపెట్టండి. నొప్పి తిరిగొస్తే అదే రోజు మళ్లీ రాసి పంపి, అదే డాక్టర్‌కి చూపించండి. పాత దెబ్బే తిరగబెట్టిందని తేలితే పని చేయలేని రోజులకి మళ్లీ అడిగే వీలుంటుంది.